గుర్రం సంతకం పెట్టదు



కలకత్తాలో ఒక పెద్దమనిషి గుర్రాన్ని అద్దెకు తీసుకున్నాడు. కాశీ వెళ్ళడానికని చెప్పి మరీ తీసుకున్నాడు. తీరా జీను మీద కూర్చున్నాక ఏమనిపించిందో, కాశీ దారి వదిలేసి కటకం దారి పట్టాడు. పాపం, గుర్రాన్ని కొట్టలేదు, అదిలించలేదు, ఎండలో పరుగెత్తించలేదు. ఎంతో జాగ్రత్తగా నడిపించాడు. అయినా గుర్రం కాలు తడబడి పడింది, దెబ్బ తగిలింది. ఇప్పుడు ఆ నష్టం ఎవరు కట్టుకోవాలి?

పెద్దమనిషే కట్టుకోవాలి. జాగ్రత్తగా నడిపాడా లేదా అని ఎవరూ అడగరు. కాశీ అన్నాడు, కటకం వెళ్ళాడు, అంతే. మ్యాపు తీసి చూస్తే కలకత్తాకు కాశీ కంటే కటకమే దగ్గర. గుర్రానికి శ్రమ తగ్గించాడు కదండీ అని మనబోటివాళ్ళం వాదించవచ్చు. చట్టం వినదు.

ఇది నా కల్పన కాదు. మన దేశంలో ఇవాళ్టికీ అమల్లో ఉన్న 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 154వ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణ. విశాఖపట్నంలోనూ హైదరాబాదులోనూ లా చదివే పిల్లలు, పెళ్ళి ఊరేగింపులో తప్ప గుర్రాన్ని దగ్గరగా చూడనివాళ్ళు, స్కూటరు మీద కాలేజీకి వచ్చి ఈ కలకత్తా గుర్రం మీద పరీక్ష రాసి పాసవుతున్నారు. అదే సెక్షన్‌లో దీని పక్కనే ఇంకో గుర్రం ఉంది. నువ్వొక్కడివే ఎక్కాలి సుమా అని చెప్పి ఒకాయన మరొకాయనకు తన గుర్రాన్ని వాడుకోమని ఇచ్చాడు. పుచ్చుకున్నాయన ఇంట్లోవాళ్ళలో ఒకరిని ఎక్కనిచ్చాడు. ఎక్కినవాడూ ఒద్దికగానే స్వారీ చేశాడు. గుర్రం పడింది. నష్టం పుచ్చుకున్నవాడిదే. బావమరిది ముచ్చటపడ్డాడండీ, కాదనలేకపోయాను అంటే చెల్లదు.

ఇలా వాడుకుని తిరిగి ఇచ్చేసే షరతు మీద తెచ్చుకునే వస్తువును మన పెద్దవాళ్ళు ఎరువు అనేవాళ్ళు. ఎరువు సొమ్ము బరువు చేటు అని సామెత. అది పేరంటాలకు ఎరువు తెచ్చుకున్న నగల గురించి పుట్టిన మాటే కాని, గుర్రానికి ఇంకా బాగా నప్పుతుంది. నగయితే పెట్టెలో పెడితే పడి ఉంటుంది. గుర్రం పూటపూటా తింటుంది, అర్ధరాత్రి కడుపునొప్పి తెచ్చుకుంటుంది, ఆరు వారాలకో ఎనిమిది వారాలకో కొత్త నాడాలు కావాలంటుంది, ఎదురింటి గాలిపటాన్ని చూసి ఎక్కినవాణ్ణి కింద పడేస్తుంది. పైగా ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ రాసుకున్న కాగితంలో దాని గురించి ఎన్ని మాటలున్నా, దాని సంతకం ఒక్కటీ ఉండదు. గుర్రాల ఒప్పందాల్లో ఉన్న తమాషా అంతా ఇక్కడే ఉందని నా అభిప్రాయం. ఇద్దరు మనుషులు కూర్చుని, మూడో ప్రాణి ఎలా నడుచుకుంటుందో కాగితం మీద పెట్టాలని చూస్తారు.

మన కాంట్రాక్టు చట్టం రాసినవాళ్ళకు గుర్రం మీద అదో మమకారం. పేజీ తిప్పితే సకిలింపు వినిపిస్తుంది. పొగరుబోతు గుర్రమని తెలిసి కూడా ఆ సంగతి దాచి ఎరువిచ్చాడనుకోండి, అది పారిపోయి ఎక్కినవాడి నడుం విరిగితే, ఇచ్చినవాడే పరిహారం కట్టాలి. ఇది 150వ సెక్షన్. ఇది న్యాయంగానే ఉంది. అయితే 17వ సెక్షన్ దగ్గరికి వెళ్ళి చూడండి. జబ్బు గుర్రమని తెలిసి కూడా నోరు విప్పకుండా వేలంలో అమ్మితే అది మోసం కాదట! అడగనప్పుడు చెప్పడమెందుకు అన్నమాట. అదే కొన్నది అప్పుడే మైనారిటీ తీరిన సొంత కూతురైతే మాత్రం తండ్రి నిజం చెప్పి తీరాలట. సొంత కూతురికి వేలంపాటలో జబ్బు గుర్రాన్ని అంటగట్టే తండ్రి ఎవరై ఉంటాడా అని నేను చాలాసార్లు ఆలోచించాను. చట్టంలో ఇలాంటి ఉదాహరణ పెట్టారంటే, రాసినవాళ్ళు గుర్రాల బేరగాళ్ళను బాగా ఎరిగినవాళ్ళే అయి ఉండాలి.

ఇంకా ఉంది. వెయ్యి రూపాయల గుర్రాన్ని పది రూపాయలకు ఇష్టపూర్వకంగా అమ్మితే ఆ అమ్మకం చెల్లుతుంది. పందేలు చెల్లవని చెప్పే 30వ సెక్షన్ కూడా గుర్రప్పందెం దగ్గరికి వచ్చేసరికి మెత్తబడి, 500 రూపాయలు, అంతకు మించి ఉండే బహుమతికి చందాలు వేసుకుంటే తప్పులేదంటుంది. బేరం కుదిరేటప్పటికే గుర్రం చచ్చిపోయి ఉంటే, ఆ సంగతి ఇద్దరికీ తెలియకపోతే, ఒప్పందం రద్దు. ఇది 20వ సెక్షన్.

ఈ చివరి నియమం మన సాళువ నరసింహరాయల కాలంలో ఉండి ఉంటే గుర్రాల వర్తకులు గుండెలు బాదుకునేవాళ్ళు. ఆయన పద్ధతి వేరు. ఆయన పాలించి పోయిన సుమారు యాభై ఏళ్ళకు విజయనగరంలో ఉన్న పోర్చుగీసు చరిత్రకారుడు నూనిజ్, తానూ గుర్రాల వ్యాపారం చేసినవాడే, ఈ సంగతి రాశాడు. రాయలు హోర్ముజ్ నుంచీ ఏడెన్ నుంచీ గుర్రాలు తెప్పించుకునేవాడట, వర్తకులు అడిగిన ధర ఇచ్చేవాడట. మూడు గుర్రాలకు వెయ్యి వరహాల లెక్కన, బతికినవీ చచ్చినవీ అని చూడకుండా కొనేవాడట. సముద్రం మీద చచ్చిపోయిన గుర్రానికి తోక ఒక్కటి కోసి తెచ్చి చూపిస్తే చాలు, బతికున్న గుర్రం ధర చేతిలో పెట్టేవాడట. వినగానే నవ్వొస్తుంది కాని, రాయలు లెక్క తెలియనివాడు కాదు. గుర్రపుదళం లేనిదే ఆ రోజుల్లో రాజ్యం నిలవదు. దారిలో పోయే గుర్రాల నష్టం వర్తకుడి నెత్తిన వేస్తే, వాడు మరుసటేడు ఓడ ఇటు తిప్పడు. అంటే ఇది గుర్రాల బీమా. క్లెయిము ఫారానికి బదులు తోక. గుర్రానికి తోక ఒకటే కాబట్టి దొంగ క్లెయిములకూ అవకాశం తక్కువ. ఈ కాలపు బీమా కంపెనీల్లో ఇంత తేలికైన పద్ధతి నేనెక్కడా చూడలేదు.

విజయనగరం మాట వచ్చింది కాబట్టి తెనాలి రామకృష్ణుడి గుర్రాన్ని తలుచుకోకుండా ముందుకు వెళ్ళలేం. అది చరిత్ర కాదు, కథే. కాని గుర్రాన్ని పెంపకానికి అప్పగించే ఒప్పందం మీద తెలుగులో ఇంతకన్న మంచి కథ లేదు. కృష్ణదేవరాయలు తన గుర్రాలను కొందరికి తలా ఒకటి ఇచ్చి, మేపడానికి ఖజానా నుంచి డబ్బు కూడా ఇప్పించాడు. అందరూ గుర్రాలను పోషిస్తుంటే, రామకృష్ణుడు తన గుర్రాన్ని ఓ చీకటి పాకలో పెట్టి, చుట్టూ గోడ కట్టించి, ఒక్క కంత మాత్రం ఉంచి, ఆ కంతలోంచి రోజుకో పిడికెడు గడ్డి అందించేవాడు. దాణా డబ్బులు ఎటు పోయాయో కథ చెప్పదు, మనమూ అడగం. తనిఖీ రోజు వచ్చింది. మా గుర్రం మహా బలిసింది, పొగరెక్కి ఉంది, దగ్గరికి వెళ్ళడానికి భయమేస్తోంది అన్నాడు. తనిఖీకి వచ్చిన గడ్డపాయన కంతలోంచి తొంగిచూశాడు. ఆ గడ్డాన్ని గడ్డి అనుకుని గుర్రం పట్టుకుంది. ఎంత లాగినా వదల్లేదు.

ఇప్పుడు దీన్ని లా విద్యార్థి ముందు పెట్టండి. తనకు అప్పగించిన వస్తువును మామూలు తెలివి ఉన్న మనిషి తన సొంత వస్తువును చూసుకున్నట్టు చూసుకోవాలని 151వ సెక్షన్ అంటుంది. అక్కడ రామకృష్ణుడు దొరికిపోతాడు. కాని పొగరెక్కి ఉందని ముందే చెప్పాడు కదా, దాచలేదు కదా! గడ్డం పెట్టడం ఎవరి తప్పు? ఈ ఒక్క ప్రశ్నకు పదిహేను మార్కులు ఇవ్వవచ్చు.

మన చట్టంలోని గుర్రాలు ఎక్కడి నుంచి దిగాయో చూస్తే ఇంగ్లండు లాయాలు కనిపిస్తాయి. 1703లో అక్కడ కాగ్స్ వర్సెస్ బెర్నార్డ్ అని ఒక దావా నడిచింది. గొడవ గుర్రానిది కాదు, బ్రాందీ పీపాలది. ఒక నేలమాళిగ నుంచి ఇంకో నేలమాళిగకు చేరుస్తానని పైసా పుచ్చుకోకుండా ఒప్పుకున్న మనిషి చేతిలో పీపా పగిలింది, సరుకు ఒలికిపోయింది. ప్రధాన న్యాయమూర్తి జాన్ హోల్ట్ బ్రాందీ గురించి తీర్పు చెప్పడానికి కూర్చుని, ఎరువు వస్తువుల సంగతి ఎత్తి గుర్రం ఎక్కేశాడు. పడమటికి వెళ్ళడానికని ఎరువు తీసుకున్న గుర్రాన్ని ఉత్తరానికి తోలితే, నెల గడువు పెట్టి తీసుకున్నదాన్ని నెల దాటాక అట్టేపెట్టుకుంటే, ఆ తర్వాత ఏ ప్రమాదం జరిగినా పుచ్చుకున్నవాడిదే పూచీ అన్నాడు. లాయానికి తలుపు వేసి ఉండగా దొంగలు ఎత్తుకుపోతే నీ తప్పు లేదు, తలుపు నువ్వే బార్లా తీసిపెట్టి ఉంటే నీదే తప్పు అని కూడా అన్నాడు. పడమర, ఉత్తరం కాస్తా మన దేశానికి వచ్చేసరికి కాశీ, కటకం అయ్యాయని నాకనిపిస్తుంది.

గుర్రాలను అద్దెకివ్వడంలో అసలు సిసలు ఘటికుడు మాత్రం హోల్ట్ కన్న ముందువాడు, కేంబ్రిడ్జిలో ఉండేవాడు. పేరు థామస్ హాబ్సన్, 1631లో పోయాడు. విశ్వవిద్యాలయం కుర్రాళ్ళు వచ్చి మంచి మంచి గుర్రాలనే ఏరుకుని, వాటిని రొప్పించి చంపుతున్నారని ఒకే ఒక్క నియమం పెట్టాడు. లాయం తలుపు దగ్గర ఏ గుర్రం ఉంటే అదే. అక్కర్లేదా, నడిచి వెళ్ళు. తిరిగొచ్చిన గుర్రం వరుస చివరికి పోతుంది. కాగితం లేదు, సాక్షులు లేరు, గొడవా లేదు. ఆయన చనిపోతే కవి మిల్టన్ రెండు పద్యాలు రాశాడు. గుర్రాలు అద్దెకిచ్చేవాడికి అంతకన్న గౌరవం ఏం కావాలి?

ఇవాళ ఇంగ్లండులో గుర్రం ఎరువు ఒక పెద్ద వ్యవహారం. గుర్రం ఉంటుంది, ఎక్కే తీరిక ఉండదు. లేదా ఎక్కాలని ఉంటుంది, కొనే స్తోమత ఉండదు. ఈ ఇద్దరినీ కలిపేది లోను. ఫుల్ లోను అంటే గుర్రం మీ దగ్గరికే వస్తుంది. గడ్డి, దాణా, నాడాలు, పశువుల డాక్టరు, బీమా, ఖర్చులన్నీ మీవి. గుర్రం మాత్రం వాళ్ళది. పార్ట్ లోను అంటే గుర్రం ఉన్నచోటే ఉంటుంది, మీరు వారానికి కొన్ని రోజులు వెళ్ళి డబ్బిచ్చి, పేడ ఎత్తి, తోమి, కాసేపు ఎక్కి వస్తారు. ఎంతసేపు ఎత్తాలి, ఎంతసేపు ఎక్కాలి అన్నది మనిషిని బట్టీ వానను బట్టీ ఉంటుంది. ఎరువు అన్న మాటకు మన భాషలో ఉన్న రెండో అర్థం కూడా ఇక్కడ పూర్తిగా సార్థకమవుతుంది.

ఈ లోన్ల ప్రకటనల భాష ఉందే, అది వేరే విద్య. మన పత్రికల్లో పెళ్ళి ప్రకటనలు చదివి అలవాటున్నవాళ్ళకు ఇది వెంటనే పట్టుబడుతుంది. ఎత్తు, రంగు, వయసు, సౌమ్య స్వభావం, చెడు అలవాట్లు లేవు. మన ప్రకటనల్లో విడాకులైనవాళ్ళ గురించి ఇన్నోసెంట్ డైవోర్సీ అని రాస్తారే, అక్కడ గుర్రం గురించి అచ్చంగా అలాగే, తన తప్పేమీ లేకుండా కొత్త ఇల్లు వెతుక్కుంటోంది అని రాస్తారు. అది చదవగానే అనుభవమున్నవాడికి తప్పెవరిదా అని అనుమానం మొదలవుతుంది. పాప ఎదిగిపోయింది కాబట్టి పోనీని ఇస్తున్నాం అంటారు. ఒక్కోసారి పాప నిజంగానే ఎదుగుతుంది. ఒక్కోసారి పాప ఎత్తు అంతే ఉంటుంది, ధైర్యం తగ్గుతుంది.

బాంబ్‌ప్రూఫ్ అని ఒక బిరుదు. పక్కన బాంబు పేలినా బెదరని గుర్రమని అర్థం. ట్రాక్టరుకు బెదరదు, లారీకి బెదరదు, పోలీసు సైరనుకు బెదరదు. గాలికి కొట్టుకొచ్చే ప్లాస్టిక్ సంచీ సంగతి ప్రకటనలో రాయరు. ఫార్వర్డ్ గోయింగ్ అంటే హుషారుగా ముందుకు సాగేదని అర్థం. ఆపడం గురించి ఏమీ చెప్పలేదని గమనించాలి. గ్రీన్ అన్నది రంగు కాదు, ఇంకా ఏమీ నేర్వని గుర్రమని. ప్రాజెక్టు అంటే గ్రీన్ కన్నా ఇంకో మెట్టు కింద. నేర్చుకున్నవన్నీ తప్పుగా నేర్చుకుని ఉండవచ్చు. హ్యాపీ హ్యాకర్ అని చూసి కంప్యూటర్లవాళ్ళు కంగారు పడనక్కర్లేదు, ఊరి దారుల వెంట తీరిగ్గా స్వారీకి పనికొచ్చే గుర్రమని మాత్రమే. స్కూల్‌మాస్టర్ అంటే అన్నీ తెలిసిన పెద్ద గుర్రం, ఎక్కినవాడికే పాఠం చెబుతుంది. మన మాస్టార్లలాగే దానికీ మోకాళ్ళ నొప్పులుంటాయి.

నాకు బాగా నచ్చినది గుడ్ డూయర్. కొంచెం తిని దిట్టంగా ఉండే గుర్రమని మెచ్చుకోలు. లోనుకు తీసుకునేవాడు దాణా ఖర్చు మిగిలిందని సంబరపడతాడు. ఇలాంటి గుర్రం పచ్చికను వాసన చూసినా లావెక్కుతుంది. లావెక్కితే డెక్కల లోపల వాపొచ్చి నడవలేని జబ్బు పడుతుంది. దాంతో గడ్డి ఎక్కువ తినకుండా మూతికి బుట్ట కట్టాలి, కొంచెం మేత ఉన్న చోటనే కట్టేయాలి, డాక్టరుకు కబురు పెట్టాలి. యజమాని నోట పొగడ్తగా వచ్చిన మాట డాక్టరు చీటీలో హెచ్చరికగా తేలుతుంది.

చెడు అలవాట్లను వాళ్ళు వైసెస్ అంటారు. సారా, చీట్లపేక అనుకునేరు. లాయం తలుపు చెక్కను పళ్ళతో కరచిపట్టి గాలి మింగడం ఒకటి, తలుపు దగ్గర నిలబడి రోజంతా అటూ ఇటూ ఊగడం ఇంకొకటి. పచ్చిక బయళ్ళలో తిరగాల్సిన జంతువును నాలుగు గోడల మధ్య ఉంచిన విసుగులోంచే ఎక్కువగా పుట్టే అలవాట్లివి. వాటికి పాపం అని పేరు పెట్టడం మాత్రం మనుషుల గడుసుతనం.

ఇక గుర్రం ఎత్తు చెప్పే లెక్క. ఎత్తును హ్యాండ్లలో కొలుస్తారు. హ్యాండు అంటే నాలుగంగుళాలు. 14.2 అంటే పద్నాలుగున్నరకు కాస్త తక్కువ అనుకుంటాం కదా, కాదు. పద్నాలుగు హ్యాండ్ల రెండంగుళాలు, అంటే అచ్చంగా పద్నాలుగున్నర. 14.3 తర్వాత 14.4 రాదు, 15 వస్తుంది. లెక్కల మాస్టారెవరైనా గుర్రపుశాలలో అడుగుపెడితే ఆ పూటకి నిద్రపోడు. ఈ 14.2 దాకా పోనీ, దాటితే గుర్రం. అయితే అరబ్బు గుర్రం ఎంత పొట్టిదైనా గుర్రమే, పోలో ఆడే గుర్రం ఎంత పొడుగైనా పోనీయే. పందెపు గుర్రాలన్నిటికీ ఇంగ్లండులో పుట్టినరోజు జనవరి ఒకటి. డిసెంబరు 31 రాత్రి పుట్టిన పిల్లకు తెల్లారేసరికి కాగితాల మీద ఏడాది నిండుతుంది. ఆస్ట్రేలియాలో ఆ పుట్టినరోజు ఆగస్టు ఒకటి. మంచులా తెల్లగా ఉన్న గుర్రాన్ని తెల్ల గుర్రం అంటే ఇంగ్లండువాళ్ళు మనల్ని కొత్తవాళ్ళని పట్టేస్తారు. దాన్ని గ్రే అనాలి.

ఇన్ని తెలుసుకున్నాక ఒప్పందం దగ్గర కూర్చుంటారు. 1947లో ఏర్పడ్డ బ్రిటిష్ హార్స్ సొసైటీ వాళ్ళు ఇందుకో నమూనా పత్రం కూడా ఇస్తారు. నోటిమాట మీద గుర్రాన్ని ఎరువివ్వకండి, తీసుకోకండి అన్నది వాళ్ళ మొదటి సలహా. ఆ పత్రంలో రాసుకోవలసినవి చూస్తే మనిషికి గతంలో ఎన్ని తగాదాలు ఎదురయ్యాయో తెలుస్తుంది. ఎవరెవరు ఎక్కవచ్చు? గంతులు వేయించవచ్చా? నాడాలు ఎన్ని వారాలకు? డాక్టరును పిలవాలంటే ఎవరిని అడగాలి? యజమాని ఫోను ఎత్తకపోతే? ఎన్నాళ్ళ ముందు నోటీసు? చివర సామాను జాబితా: జీను ఒకటి, కళ్లేలు రెండు, చలికాలపు రగ్గు, వానకు కప్పే రగ్గు, ఈగలు వాలకుండా కప్పే రగ్గు, ఒక్కోదాని మీద చిరుగు ఎక్కడుందో ఫొటోతో సహా. ఆడపిల్లకు సారె పెట్టేటప్పుడు కూడా మనం ఇంత వివరంగా రాసుకోం. ముఖ్యమైన మాటొకటి, తీసుకున్న స్థితిలోనే తిరిగి ఇవ్వాలి. ఆరు నెలల్లో గుర్రం కొత్త విద్య నేర్చుకుంటే లాభం ఎవరిది, కొత్త దురలవాటు నేర్చుకుంటే నష్టం ఎవరిది? ఇచ్చినప్పుడు ఇది ఇలా లేదు, కాదు ఇలాగే ఉంది అని వాళ్ళిద్దరూ వాదించుకుంటుంటే, అక్కడే నిలబడి గడ్డి నమిలే సాక్షి నోరు విప్పదు.

అక్కడ గుర్రానికి పాస్‌పోర్టు ఉండి తీరాలి. ఇంగ్లండులో 2020 అక్టోబరు నుంచి మెడలో మైక్రోచిప్పు కూడా. పాస్‌పోర్టు గుర్రంతోనే ఉండాలి కాబట్టి లోనుకు తీసుకున్నవాడి చేతికే వెళుతుంది. అక్కడొక చిక్కుంది. పాస్‌పోర్టు చేతిలో ఉంటే గుర్రం వాడిదే అని జనం అనుకుంటారు. ఎరువు తెచ్చుకున్న గుర్రాన్ని అమ్మేసుకున్న ఘనులు అక్కడ కూడా ఉన్నారు. అందుకే, ఈ పుస్తకం యాజమాన్యానికి రుజువు కాదు అని ఆ పుస్తకంలోనే రాసి ఉంటుంది. అందులో ఫొటోకు బదులు గుర్రం బొమ్మ గీసి, ఒంటి మీద సుడులున్న చోటల్లా ఇంటూ గుర్తు పెడతారు. మన వైపు గుర్రం సుడులు చూసేది కొన్నవాడి ఇల్లు నిలుస్తుందా లేదా అని. వాళ్ళు చూసేది ఇది ఆ గుర్రమా కాదా అని. ఒకే సుడికి ఇక్కడ జాతకం, అక్కడ వేలిముద్ర.

ఇంత రాసుకున్నా తగాదాలు రాకుండా పోవు. 1862లో ఫెల్ట్‌హౌస్ వర్సెస్ బిండ్లీ అని ఒక కేసు. పాల్ ఫెల్ట్‌హౌస్ అనే ఆయన తన అన్నదమ్ముల బిడ్డ దగ్గర గుర్రం కొనాలనుకున్నాడు. పెద్దాయన 30 పౌన్లు అనుకున్నాడు, అబ్బాయి 30 గినీలు అనుకున్నాడు. తేడా 30 షిల్లింగులు. పెద్దాయన ఉదారంగా తేడాను సగం చేసి, 30 పౌన్ల 15 షిల్లింగులు ఇస్తాను, నీ నుంచి ఇంకే కబురూ రాకపోతే గుర్రం నాదే అనుకుంటాను అని ఉత్తరం రాశాడు. అబ్బాయి జవాబు రాయలేదు కాని, వేలంపాట వాడితో ఆ గుర్రాన్ని పక్కన పెట్టమన్నాడు. వేలంపాట వాడు మరచిపోయి అమ్మేశాడు. పెద్దాయన వాడి మీద దావా వేసి ఓడిపోయాడు. జవాబు చెప్పకపోతే ఒప్పుకున్నట్టే అని ఎదుటివాడి మౌనం మీద నువ్వు షరతు పెట్టలేవు అన్నది కోర్టు. ఇందాకటి మన 17వ సెక్షన్‌లో ఇంకో గుర్రం ఉంది: కాదనకపోతే గుర్రం బాగున్నట్టే అనుకుంటాను అని కొనేవాడంటే, అమ్మేవాడు మాట్లాడకపోతే ఆ మౌనం మాట్లాడినట్టే లెక్క. ఒక గుర్రం దగ్గర మౌనం అంగీకారం కాదు, ఇంకో గుర్రం దగ్గర మౌనమే మాట. వీటికి రెండు కారణాలున్నాయని మా లా మాస్టార్లు చెబుతారు. గుర్రాల బేరగాళ్ళకు మాత్రం ఏ మౌనం ఏ రకమో తెలియక నిద్రపట్టదు.

బెదరడం మీద కూడా పెద్ద తీర్పుంది. డెవన్ ప్రాంతంలో ఒక రాత్రి మూడు గుర్రాలు దేనికో బెదిరి, కంచె తెంచుకుని హైవే ఎక్కాయి. ఒకటి కారుకు గుద్దుకుంది. దేన్ని చూసి బెదిరాయో ఎవరికీ తెలియదు. యజమానుల అజాగ్రత్తా లేదు. వ్యవహారం హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్ళింది. అక్కడ అయిదుగురు లార్డులు 1971 నాటి జంతువుల చట్టాన్ని ముందేసుకుని, బెదిరి కళ్ళు మూసుకుని పరిగెత్తడం గుర్రానికి మామూలు గుణమా, ప్రత్యేక సందర్భాల్లోనే వచ్చే గుణమా అని తర్కించారు. 2003లో ముగ్గురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపు తేలి, యజమానులే బాధ్యులన్నారు. మన జట్కా సాయిబును అడిగితే చాయ్ చల్లారేలోగా జవాబు చెప్పి ఉండేవాడు. ఆ చట్టం ఎరువు తెచ్చుకున్నవాడికీ వర్తిస్తుంది, జంతువు ఎవరి స్వాధీనంలో ఉంటే వాళ్ళూ దాని పెంపకందారే. పైగా పదహారేళ్ళ లోపు పిల్లల చేతిలో పోనీ ఉంటే ఇంటిపెద్ద పెంపకందారు. పాప పుట్టినరోజుకు పోనీని లోనుకు తెచ్చిన నాన్నలు ఈ సెక్షన్‌ను పడుకునే ముందు ఒకసారి చదువుకోవడం మంచిది.

ఆఖరుగా ఒక వింత ఎరువు గురించి చెప్పి సెలవు తీసుకుంటాను. దాన్ని కంపానియన్ లోను అంటారు. గుర్రం మందలో బతికే జంతువు. ఒంటరిగా ఉంచితే కంచె వెంట అటూ ఇటూ తిరుగుతుంది, అరుస్తుంది, తిండి మానేస్తుంది. అందుకని ఒకే గుర్రమున్నవాళ్ళు దానికి తోడుగా స్వారీకి పనికిరాని ముసలి పోనీ ఒకదాన్ని ఎరువు తెచ్చుకుంటారు. దాన్ని ఎవరూ ఎక్కరు. అది ఏ పనీ చేయదు. దాని మేత, డెక్కల పని, పళ్ళ వైద్యం, రగ్గులు, బీమా అన్నీ తెచ్చుకున్నవాళ్ళవే. తరచు ఇలా వచ్చేది షెట్లాండ్ పోనీ, 42 అంగుళాలకు మించి ఎత్తుండదు. వచ్చిన మర్నాటికల్లా పచ్చికంతా దాని పెత్తనం కిందికి వస్తుంది. దానికి రెట్టింపు బరువున్న పెద్ద గుర్రం పక్కన నిలబడి, ఇది తిని తప్పుకున్నాక మిగిలింది తింటుంది. ఏడాదికి అసలు యజమాని ఫోను చేసి, మా పోనీని పంపించేయండి అంటాడు. ఒప్పందం ప్రకారం నోటీసు నాలుగు వారాలు. ఈ నాలుగు వారాల్లో ఇంకో తోడు దొరక్కపోతే పెద్ద గుర్రం లాయం తలుపు ఊడదన్నుతుంది. కాబట్టి మళ్ళీ ప్రకటనలు తిరగెయ్యాలి. తన తప్పేమీ లేకుండా కొత్త ఇల్లు వెతుక్కుంటున్న ఇంకో పోనీ కోసం ఫోను కలపాలి, దాని సామాను జాబితా రాసుకోవాలి, చిరుగుల ఫొటోలు తీయాలి, పత్రం మీద ఇద్దరూ సంతకాలు పెట్టాలి.